అప్పగింతలో చెప్పని మాట

క్రితం వారం మనం పెద్దల్లుణ్ణి పడవ షెడ్డు మెట్ల మీద ఒంటరిగా కూర్చోబెట్టి వచ్చేశాం. శనివారం మధ్యాహ్నం అది. స్నానానికి దిగి కొట్టుకుపోయిన తల్లీకూతుళ్ళిద్దరినీ సముద్రంలోంచి బయటికి తీశారు. ఇద్దరూ బతికారు, తల్లిని మాత్రం ఇంకా ఆసుపత్రిలోనే ఉంచారు. ఈదుకుంటూ వెళ్ళి పట్టుకున్నది చిన్నల్లుడు. ఒడ్డు మీద జనమంతా వాణ్ణి చుట్టుముట్టి చప్పట్లు కొడుతుంటే పెద్దల్లుడు తన చెప్పుల్లో ఇసుక దులుపుకుంటూ కూర్చున్నాడు. అసలు ఆ ఇద్దరూ ఎందుకు కొట్టుకుపోయారో అతనికి తెలుసు. తనొక్కడికే తెలుసని కూడా అనుకున్నాడు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ ఒడ్డున లైఫ్‌బోటు నడిపేది సరంగు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చుక్కాని ఆయన చేతిలోనే ఉంది. ఆయనకి మగపిల్లలు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయి షెడ్డు మీది గదిలో వైర్‌లెస్ చూస్తుంది. ఆమె భర్త పద్నాలుగేళ్ళ నుంచి ఇక్కడ లైఫ్‌గార్డు, పడవ బయల్దేరితే సరంగు పక్కన నిలబడే మనిషి. రెండో అమ్మాయి భర్త ఎక్కడో ఈత నేర్పుకుంటూ ఉండేవాడు, పెళ్ళయ్యాక మూడేళ్ళ క్రితం ఇక్కడ చేరాడు. వచ్చే నెలాఖరుకి సరంగు దిగిపోతున్నాడు. చుక్కాని ఎవరికిస్తాడన్నదే మన కథ.

తోడల్లుళ్ళ మధ్య కుళ్ళు కొత్త సంగతేం కాదు. అత్తారింట్లో రెండోవాడికి ఏ కుర్చీ వేశారో, ఆ కుర్చీ ఫ్యాను కింద ఉందో లేదో కూడా చూసుకునే బంధుత్వం అది. కానీ మామూలు తోడల్లుళ్ళు ఏడాదికి ఒకట్రెండు సార్లు ఎదురుపడి, నవ్వు మొహాలు పెట్టుకుని, ఎవరి దారిన వాళ్ళు పోతారు. వీళ్ళ ఖర్మ ఏమిటంటే రోజూ ఒకే పడవెక్కాలి.

చిన్నల్లుడిలో పెద్దల్లుడికి నచ్చని విషయాలు రాయడం మొదలుపెడితే పత్రిక చాలదు. వాడు పరిగెడితే ఇసుక లేవదు. ఎండలో నాలుగ్గంటలు నిలబడినా వాడి మొహం కందదు. నీళ్ళలోంచి వచ్చి తల విదిలిస్తే జుట్టు దానంతటదే సర్దుకుంటుంది. పిల్లలు పెద్దల్లుణ్ణి చూస్తే ఆట ఆపేస్తారు, వాణ్ణి చూస్తే ఆట మొదలుపెడతారు. వీటిలో ఏ ఒక్కటీ నేరం కాదని పెద్దల్లుడికీ తెలుసు. అందుకే ఎవరితోనూ చెప్పుకోలేక లోపల్లోపలే ఉడికిపోయేవాడు.

శనివారం పొద్దున టీ తాగుతూ మామగారు మాట బయటపెట్టాడు. చుక్కాని చిన్నల్లుడికిద్దామనుకుంటున్నానన్నాడు. "నిన్ను కాదని కాదు అల్లుడూ. నీకు నీళ్ళు తెలుసు. వాడికి నీళ్ళు లొంగుతాయి" అని, గ్లాసు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. పెద్దల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. పద్నాలుగేళ్ళ చాకిరీని మామగారు రెండు ముక్కల్లో తేల్చేశాడు, పైగా ఆ రెండో ముక్క నిజం.

ఆ రోజు పగలు పన్నెండింటికి తోడల్లుళ్ళిద్దరికీ డ్యూటీ మార్పు. పన్నెండుకి ఇరవై నిమిషాల ముందు పెద్దల్లుడు లాగుడు చూశాడు. ఒడ్డు మీదికొచ్చిన నీళ్ళన్నీ వెనక్కి పోవడానికి ఒక దారి చూసుకుంటాయి. ఆ దారిని ఇక్కడివాళ్ళు లాగుడంటారు. పైకి చూస్తే అక్కడ అలలుండవు, నురగ ఉండదు, చుట్టుపక్కలకన్నా నెమ్మదిగా ఉంటుంది. అందుకే తెలియనివాళ్ళు ఏరికోరి అక్కడే దిగుతారు. దిగిన మనిషిని అది ముంచదు, లోపలికి పట్టుకుపోతుంది. మనిషి భయపడి ఒడ్డువైపు ఎదురీది, అలిసిపోయి మునుగుతాడు. ఎదురీదకుండా తేలుతూ చెయ్యెత్తితే చాలు, లేదా ఒడ్డుకి అడ్డంగా ఈదితే చాలు. ఆ మాట ఒడ్డు మీది కాపలా టవర్ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది, చదివేవాళ్ళు తక్కువ.

అందుకే లాగుడు లేని మేర చూసి రెండు జెండాలు పాతుతారు. స్నానాలు ఆ రెంటి మధ్యే చెయ్యాలి. కానీ లాగుడు ఒక చోట కుదురుగా ఉండదు. శనివారం అది ఒడ్డుకి ఎడమ చివర సముద్రంలోకి పోయిన రాళ్ళ కట్ట వైపు నుంచి జరుగుతూ జరుగుతూ ఎడమ జెండా దాటి లోపలికొచ్చింది. నీళ్ళ రంగులో అంత చిన్న తేడా ఆ ఒడ్డున పెద్దల్లుడి కళ్ళకి తప్ప ఇంకెవరికీ ఆనదు. జెండాలు మార్చాలంటే జనాన్నంతా పైకి పిలవాలి, ఇద్దరు మనుషులు కావాలి. పన్నెండవబోతోంది కాబట్టి అప్పగింతలో చెప్పి ఇద్దరూ కలిసి మార్చేయాలి.

అప్పగింతకి ఇక్కడ ఒక పద్ధతుంది. దిగిపోయే మనిషి, ఎక్కే మనిషి టవర్ కింద ఎదురెదురుగా నిలబడతారు. గాలికి మాట ఎగిరిపోతుంది కనక ప్రతి సంగతినీ చేత్తో చూపించి చెప్పాలి. విన్నవాడు అదే మాట తిరిగి అనాలి. తర్వాత డ్యూటీ పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఈ పద్ధతి పెట్టింది సరంగే.

చిన్నల్లుడు ఈల వేసుకుంటూ వచ్చాడు. ఆ ఈల వినగానే పెద్దల్లుడి నోరు మూసుకుపోయింది. అన్నీ మామూలే అన్నాడు. అన్నీ మామూలే అని వాడు తిరిగి అన్నాడు. సంతకాలయ్యాయి. వాణ్ణి ఒక పది నిమిషాలు తికమకపడనిచ్చి, అప్పుడు వెనక్కొచ్చి, ఇంత చిన్న సంగతి కనిపెట్టలేకపోయావా అని అందరి ముందూ అందామని పెద్దల్లుడి ఆలోచన. పది నిమిషాలయ్యాక మామగారి మాట మళ్ళీ గుర్తొచ్చింది. ఇంకో పది నిమిషాలు, ఆపైన ఇంకో పది, అలా ఆగుతూనే పోయాడు. పన్నెండూ యాభైకి రెండు జెండాల మధ్య స్నానం చేస్తున్న తల్లీకూతుళ్ళు కొట్టుకుపోయారు.

ఇక ఈ వారం సంగతి. సోమవారం మధ్యాహ్నం మూడింటికి విచారణ జరిగింది. పెద్ద ఆఫీసు నుంచి వచ్చిన అధికారి నల్లటి బూట్లేసుకుని ఇసుకలో నడిచి వచ్చాడు. టవర్ కింది గదిలో కూర్చోగానే బూట్లు విప్పి ఇసుక దులిపి, మళ్ళీ తొడుక్కుని, అప్పుడు పుస్తకం తెరిచాడు. సరంగు గోడ పక్క నిలబడ్డాడు. తోడల్లుళ్ళిద్దరూ బల్లకి చెరో వైపు.

పెద్దల్లుడికి రెండు రోజులుగా నిద్ర లేదు. ఆ పుస్తకంలో లాగుడు గురించి ఒక్క అక్షరం లేదని అతనికి తెలుసు. అడిగితే ఏం చెప్పాలో ఇంటి దగ్గరే తయారుచేసుకున్నాడు. సరిగ్గా గుర్తులేదండీ, చెప్పినట్టే ఉంది, గాలి ఎక్కువగా ఉండింది. అద్దం ముందు ఒకసారి అని చూసుకున్నాడు కూడా. బాగానే కుదిరిందనిపించి, ఆ తర్వాత అద్దంలో మొహం చూసుకోలేక తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

అధికారి వేలు పెట్టి చదివాడు. గాలి, అలల ఎత్తు, జనం సంఖ్య. ఆ తర్వాత మామూలు గొంతుతోనే ఇంకో వరస చదివాడు. లాగుడు రాళ్ళ కట్ట వైపు నుంచి నలభై అడుగులు జరిగింది, ఎడమ జెండా మార్చాలి, అప్పగింతలో చెప్పబడింది.

శనివారం పెద్దల్లుడు సంతకం పెట్టినప్పుడు ఆ వరస లేదు. అక్కడ ఖాళీ ఉండింది, ఎప్పుడూ ఉంటుంది. ఇది మీరు చెప్పిందేనా అని అధికారి కళ్ళజోడు పైనుంచి చూశాడు. తయారుచేసుకున్న మాటల్లో ఈ ప్రశ్నకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. పెద్దల్లుడు బల్ల మీది ఇసుకని వేలితో ఒకచోటికి చేర్చాడు.

అధికారి పుస్తకాన్ని చిన్నల్లుడి వైపు తిప్పాడు. వాడు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. ఒక వరస చదవడానికి అంతసేపు పట్టదు. తర్వాత నిటారుగా నిలబడి, "చెప్పారండీ. నేనే మార్చలేదు" అన్నాడు.

ఆ తర్వాత జరిగిందంతా అయిదు నిమిషాల పని. అధికారి రాసుకున్నాడు. ప్రాణాలు కాపాడినందుకు మెచ్చుకుంటూనే, చెప్పిన జాగ్రత్త పాటించనందుకు చిన్నల్లుణ్ణి డ్యూటీ నుంచి తప్పిస్తున్నానన్నాడు. తుది నిర్ణయం పైనుంచి వస్తుంది, అప్పటిదాకా వాడు నీళ్ళలో అడుగు పెట్టకూడదు, పడవెక్కకూడదు. చిన్నల్లుడు మెడలోంచి విజిల్ తీసి బల్ల మీద పెట్టాడు. సాయంత్రం అయిదుకల్లా షెడ్డులో వస్తువులు అప్పజెప్పి వెళ్ళమన్నారు. సరంగు గోడ దగ్గర్నుంచి కదల్లేదు. ఒక్కసారి చిన్నల్లుడి వైపు చూసి తల తిప్పుకున్నాడు. ఆ చూపు తన మీద పడాల్సిందని పెద్దల్లుడికి తెలుసు.

ఇంకొకడైతే ఊపిరి పీల్చుకునేవాడు. గండం గడిచింది, పోటీ పోయింది, చుక్కాని ఇక ఎటూ పోదు. మన పెద్దల్లుడికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ వరస రాసింది వాడే అనుకున్నాడు. తను దాచిన సంగతి పసిగట్టి, తనని కాపాడటానికి వాడే రాసుకుని, వాడే ఒప్పుకుని, అందరి ముందూ తల వంచుకుని నిలబడ్డాడనుకున్నాడు. పరిగెత్తడంలో ముందు, ఈదడంలో ముందు, ఆఖరికి చెయ్యని తప్పు మీదేసుకోవడంలో కూడా వీడే ముందు. తను వాణ్ణి ఎంత తొక్కితే వాడు అంత పైకి లేస్తున్నాడు. ఇలాంటి మనిషిని ఏం చేసుకోవాలి?

పెద్దల్లుడు షెడ్డుకి వెళ్ళేసరికి చిన్నల్లుడు పడవ కడుగుతున్నాడు. పొద్దున సాధన కోసం పడవ దించి వచ్చారు, ఉప్పు కడగలేదు. విజిల్ తీసేసుకున్నారు గానీ నడుముకి వైర్‌లెస్ సెట్టు ఇంకా ఉంది. అయిదింటికి ఇచ్చెయ్యాలి. పైపు పట్టుకుని ముందు భాగం నుంచి వెనక్కి, పై నుంచి కిందికి, పెద్దల్లుడు నేర్పిన వరసలోనే కడుగుతున్నాడు. రేపట్నుంచి ఆ పడవెక్కే హక్కు లేనివాడు దాన్ని అంత శ్రద్ధగా కడుగుతుంటే చూసి పెద్దల్లుడికి ఇంకా కడుపు మండింది.

"ఎవరు రాయమన్నారు నిన్ను?" అన్నాడు. "నా తరఫున త్యాగాలు చెయ్యమని నిన్ను అడిగానా?"

చిన్నల్లుడు వెనక్కి తిరగలేదు. "నేను రాయలేదన్నయ్యా" అన్నాడు.

అబద్ధాలాడకన్నాడు పెద్దల్లుడు. మంచివాడనిపించుకోవాలన్న యావ తప్ప నీకింకేం లేదన్నాడు. వచ్చిన రోజు నుంచీ అంతే, మామగారి చెప్పులు సర్దడం దగ్గర్నుంచీ అంతా నాటకమన్నాడు. మూడేళ్ళుగా దాచుకున్న మాటలు కదా, ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికొచ్చాయి. వాడి ఈల గురించి కూడా అన్నాడు. అన్నాక ఆ మాట తనకే సిగ్గుగా అనిపించింది.

చిన్నల్లుడు అప్పుడు తిరిగాడు. వాడి మొహంలో ఎప్పుడూ ఉండే ఆ నెమ్మది లేదు. శనివారం నువ్వేమన్నావో నాకు బాగా గుర్తుందన్నాడు. అన్నీ మామూలే అన్నావు, నేనూ అదే తిరిగి అన్నాను. అంతకు ఇరవై నిమిషాల ముందు నువ్వు రాళ్ళ కట్ట వైపే చూస్తూ నిలబడటం టీ కొట్టు దగ్గర్నుంచి చూశాను. నువ్వు చూశాక లాగుడు నీకు కనపడకపోవడమన్నది ఉండదు. వాళ్ళ కోసం నీళ్ళలో దిగినప్పుడే ఆ సంగతి అర్థమైంది నాకు.

"నా మీద కోపముంటే నన్ను తిట్టు, కొట్టు. నీళ్ళలో కొట్టుకుపోయింది నేను కాదు కదా. ఆ పిల్లకి తొమ్మిదేళ్ళన్నయ్యా."

అంతా తెలిసి ఎందుకు ఒప్పుకున్నావని పెద్దల్లుడు అడిగాడు.

"నీ కోసం కాదు" అన్నాడు చిన్నల్లుడు. "చుక్కాని నాకూ కావాలి. మామయ్య ఇస్తానన్న రోజు రాత్రంతా మెలకువగానే ఉన్నాను. నీ కోసమైతే వదులుకునేవాణ్ణి కాదు. ఆ రాత చూశాను. మూడేళ్ళుగా మన డ్యూటీ పట్టిక ఆ రాతలోనే గోడకి వేలాడుతోంది. వదిన రాత నాకు తెలీదా?"

పెద్దల్లుడు పడవ అంచు పట్టుకున్నాడు. అధికారి పుస్తకాన్ని తన వైపు తిప్పలేదు. తను వినడమే గానీ ఆ వరసని కళ్ళతో చూడలేదు. ఆ పుస్తకంలో ఎవరు పడితే వాళ్ళు రాస్తారు, నాలుగైదు రకాల రాతలుంటాయి కనక అధికారికీ తేడా తెలియలేదు. సంఘటన జరిగిన తర్వాత పుస్తకంలో రాస్తే ఉద్యోగం పోవడమొక్కటే కాదు, కేసు కూడా అవుతుంది. చిన్నల్లుడు కాదని ఉంటే ఆ రాత ఎవరిదని అప్పుడే తవ్వేవాళ్ళు.

చిన్నల్లుడు పైపు కట్టెయ్యకుండానే మాట్లాడుతున్నాడు, నీళ్ళు ఇద్దరి కాళ్ళ మధ్య నుంచి పోతున్నాయి. తను చేరిన కొత్తలో ఈ ఒడ్డున మొదటిసారి తీసిన మనిషి బతకలేదన్నాడు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను, మీరంతా మీ పనుల్లో పడ్డారు, తప్పు పట్టడంలేదన్నాడు. వదిన మాత్రం గంటకోసారి వైర్‌లెస్‌లో పిలిచి గాలి ఎటు వీస్తోందని అడిగేది. చూసి చెప్పేవాణ్ణి. రెండు రోజులూ చెప్పాను. "ఆవిడ గదిలోనే గాలి చూపించే యంత్రం ఉందని నాకు తర్వాత తెలిసింది" అన్నాడు.

చూశారా, మనిషి మనసు ఎంత చిత్రమైనదో. అంత పెద్ద సంగతి నెత్తిన పడ్డ ఆ క్షణంలో కూడా పెద్దల్లుడికి ముందుగా కలిగింది అసూయే. తన భార్యలో అంత దయ ఉందని తనకి తెలియకపోవడం, అది వీడికి తెలియడం. తనకి ఎన్నిసార్లు మనసు బాగోలేదో, ఏ రోజూ గాలి సంగతి అడగలేదే అనుకున్నాడు. ఆ తర్వాతే భయం వేసింది. మెట్లు రెండేసి ఎక్కుతూ పైకి వెళ్ళాడు.

వైర్‌లెస్ గది చిన్నది. సముద్రం వైపు గోడంతా కిటికీయే. మేకుకి దూరదర్శిని, బల్ల మీద వరసగా చార్జింగు పెట్టిన సెట్లు, గోడకి ఆమె రాసిన డ్యూటీ పట్టిక. గుండ్రటి అక్షరాలు, ప్రతి వరస చివరా కాస్త పైకి లేస్తుంది. పుస్తకం అధికారి తిరిగిచ్చేసినట్టుంది, బల్ల మీదే ఉంది. పెద్దల్లుడు శనివారం పేజీ తీశాడు. సంతకాల మీద ఇరుకులో రాసిన ఆ వరస కూడా చివర కాస్త పైకి లేచింది.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. అడిగే పని లేకుండానే చెప్పింది.

శనివారం సాయంత్రం పుస్తకం పైకి రాగానే రాశానంది. తలుపు గడియ పెట్టి, చెయ్యి వణక్కుండా నిదానంగా రాశానంది. మిమ్మల్ని కాపాడటానికేనంది. మరిది బలైపోతాడని తెలియదా అని అతనడిగాడు. తెలుసంది. చెల్లెలి మొహం చూడగలవా అని అడిగాడు. నిన్నట్నుంచి చెల్లి ఫోను చేస్తే నేను తియ్యడం లేదంది.

ఆమె అంత నిబ్బరంగా ఉండటం అతనికి నచ్చలేదు. తను చేసిన పాపానికి ఆమె తన చేతులు మురికి చేసుకుందనుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆమె ముందు తలవంచి, తప్పంతా తనదేనన్నాడు. తన ఓర్వలేనితనం ఇంతపని చేసిందన్నాడు. అధికారి ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు, ఇప్పుడే వెళ్ళి చెబుతాను, నీ రాత సంగతి ఏదో ఒకటి చూసుకుందామన్నాడు.

"మీ ఒక్కరిదే కాదు" అంది ఆమె.

అతనికి అర్థం కాలేదు. ఆమె కిటికీ చూపించింది. అక్కణ్ణుంచి టవర్, రెండు జెండాలు, రాళ్ళ కట్ట అన్నీ కనిపిస్తాయి. పన్నెండుకి ముందు మీరు కట్ట వైపు తిరిగి కదలకుండా నిలబడటం చూశానంది. మీరలా నిలబడ్డారంటే నీళ్ళలో ఏదో ఉందన్నమాటేనని దూరదర్శిని తీసి చూశాను, లాగుడు జరగడం నాకూ కనిపించింది, మీకు కనిపించినంత తేటగా కాదులే. తర్వాత అప్పగింత చూశాను. మీ చెయ్యి పైకి లేవలేదు. ఒక్కసారి కూడా లేవలేదు. మీరు చెప్పలేదని నాకు అప్పుడే తెలుసు.

పెద్దల్లుడు పుస్తకం మూశాడు.

"పన్నెండుకి మీరు దిగారు" అంది ఆమె. "పన్నెండూ యాభైకి వాళ్ళు కొట్టుకుపోయారు. ఆ యాభై నిమిషాలూ సెట్టు నా చేతిలోనే ఉంది. బటన్ నొక్కి ఒక్క మాట చెబితే సరిపోయేది."

ఎందుకు చెప్పలేదో కూడా ఆమె తనే చెప్పుకొచ్చింది. పదేళ్ళప్పటి నుంచీ నాన్న ఒళ్ళో కూర్చుని చుక్కాని తిప్పానంది. పదహారేళ్ళకి అలల్లోంచి పడవని ఒడ్డెక్కించగలిగేదాన్ని. ఇరవయ్యేళ్ళప్పుడు అడిగితే నాన్న నవ్వి, ఆడపిల్లవి కదమ్మా అని ఈ కిటికీ ఇచ్చాడు. పద్దెనిమిదేళ్ళుగా ఇందులోంచి చూస్తున్నాను. చెల్లికి పడవంటే వాంతులు, నీళ్ళంటే భయం. దానికి మొగుడి రూపంలో చుక్కాని నడిచొచ్చింది, శనివారం పొద్దున నాన్న మీతో అన్నది నేనూ విన్నాను.

"నాకివ్వలేదు, సరే. కనీసం నా ఇంటికైనా వస్తుందనుకున్నాను. జెండా తప్పు చోట ఉందని నాన్న మరిదిని నలుగురిలో ఒక్క మాటంటే చాలనుకున్నాను. అంతే కావాలి నాకు. మనుషులు దిగుతారని తెలీదని మాత్రం అనను. తెలుసు. మరిది విజిల్ వేసి పిలుస్తాడులే అనుకుంటూ కూర్చున్నాను."

ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో కుళ్ళు తనొక్కడిదేననుకున్నాడు పెద్దల్లుడు. ఇంటికెళ్ళి తోడల్లుడి మీద చాడీలు చెబితే ఆమె గిన్నెలు తోముతూ ఊరుకునేది. తన మాటలు నచ్చక ఊరుకుంటోందనుకుని సిగ్గుపడి ఆపేసేవాడు. నచ్చక కాదు. తనకన్నా ముందు నుంచీ, తనకన్నా లోతుగా ఆమె కాలిపోతూనే ఉంది. ఆమె మీద అసహ్యం వేస్తుందేమోనని చూసుకున్నాడు. వెయ్యలేదు. ఏడుపొచ్చింది. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు, ఆమె ఆ చెయ్యి తీసెయ్యలేదు.

చెప్పడమంటూ జరిగితే ఇక తన సంగతితో ఆగదు. ఆమె ఉద్యోగం పోతుంది, కేసవుతుంది, అక్కాచెల్లెళ్ళు ఈ జన్మకి మాట్లాడుకోరు. చెప్పకపోతే కింద పడవ కడుగుతున్న మనిషి రేపట్నుంచి ఒడ్డు మీద పరాయివాడు.

బల్ల మీది సెట్లలో ఒకటి గరగరమంది. సరంగు గొంతు. పడవ దింపే వాలు దగ్గర్నుంచి మాట్లాడుతున్నట్టున్నాడు, వెనక అలల చప్పుడు వినిపిస్తోంది. పెద్దల్లుడు అక్కడున్నాడా అని అడిగాడు. ఉన్నారు నాన్నా అని ఆమె చెప్పింది.

"రేపు పొద్దున ఆరింటికి చుక్కాని దగ్గర నిలబడమను. ఇక మీదట అది వాడిది. విన్నానని వాణ్ణే చెప్పమను" అన్నాడు సరంగు. ఇచ్చేటప్పుడు ఉండాల్సిన సంతోషం ఆ గొంతులో లేదు. సెట్టులో పలికిన మాట ఒడ్డు మీద సెట్టున్న ప్రతివాడికీ వినబడుతుంది. టవర్ మీది మనిషికి వినబడింది, పడవ లాగే ట్రాక్టరు డ్రైవరుకి వినబడింది, కింద షెడ్డులో చిన్నల్లుడికీ వినబడింది.

పద్నాలుగేళ్ళు ఎదురుచూసిన మాట. పెద్దల్లుడు దాన్ని ఎన్ని రకాలుగా ఊహించుకున్నాడో లెక్కలేదు. సెట్టు చేతిలోకి తీసుకున్నాడు. భార్య వైపు చూశాడు.

"చెబితే ఇద్దరి సంగతీ చెప్పండి. సగం చెప్పకండి" అంది ఆమె, చాలా చిన్న గొంతుతో.

సరంగు రెండోసారి పిలిచాడు. పెద్దల్లుడు బటన్ నొక్కాడు.

"మామయ్యా, చుక్కాని నాకొద్దు. శనివారం లాగుడు జరగడం నేను చూశాను. మీ చిన్నల్లుడికి చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. వాడి తప్పేం లేదు."

బటన్ వదిలేశాడు. సెట్టులో అలల చప్పుడు మాత్రం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. మామగారు తిడతాడనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పడవ నడిపిన మనిషి తిట్టడానికి తొందరపడడు. ముందు ఎక్కడ చిల్లు పడిందో చూస్తాడు.

"నువ్వు చెప్పకపోతే పుస్తకంలో ఆ వరస ఎవరు రాశారు అల్లుడూ?" అన్నాడు సరంగు.

ఆమె లేచి నిలబడి, మిగతా సగం తను చెబుతానని సెట్టు కోసం చెయ్యి చాపింది. పెద్దల్లుడు ఇవ్వలేదు.